పెద్దన్న సంచిలో నల్ల టేపు

మొన్న వరంగల్ కొత్తవాడలో పెద్దన్న దినాలకు వెళ్లాను. భోజనాలయ్యాక ఒక్కొక్కరే లేచి వెళ్తుంటే పెద్దన్న బిడ్డ లోపలి అర్రలోంచి ఖాకీ గుడ్డ సంచి ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. "బాపుది చిన్నాయనా. ఇండ్ల ఏది ఎందుకో మాకు తెల్వది, నువ్వే తీస్కపో" అంది. వాకిట్లో కుర్చీలో కూర్చునే సంచి మూతి విప్పాను. లోపల ఏముందో చూసేలోపే వాసన వచ్చింది. నల్ల రబ్బరు టేపు వాసన, దానికి కొంచెం గ్రీజు, కొంచెం తుప్పు కలిసి. పక్కన ఎవరో ఏదో అడుగుతున్నారు, నేను పలకలేదు. వాన వెలిసిన టవర్ మీద, తడిసిన ఇనుప పైపుకి వీపు ఆనించుకుని, పళ్లతో టేపు తుంచుతున్న మనిషి గుర్తొచ్చాడు.

సంచిలో మల్టీమీటర్ ఒకటి, రెండు పానాలు, వైర్లు నొక్కి బిగించే అరిగిపోయిన క్రోన్ టూలు, సగం వాడిన టేపు చుట్ట, రబ్బరు బ్యాండు వేసిన ఒక లాంగ్ నోట్‌బుక్ ఉన్నాయి. ఇంటికొచ్చి నాలుగు రోజులైంది, ఆ నోట్‌బుక్ చదువుతూనే ఉన్నాను. చదువుతూ ఉంటే రాయాలనిపించింది.

పాలిటెక్నిక్ అయ్యాక నేను చేరిన మొదటి పని ఫోన్ టవర్లది, పెద్దన్నతో కలిసి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మండలాలకు చేరుతున్న రోజులు. ములుగు, భూపాలపల్లి, జనగామ, మానుకోట అన్నీ అప్పుడు వరంగల్ జిల్లాయే. అడవి వైపు ఫైబర్ లేదు. ఒక టవర్ నుంచి ఇంకో టవర్‌కి మాటలన్నీ మైక్రోవేవ్ రేడియో మీదే వెళ్లాలి. ఇటొక డిష్, అటొక డిష్, మధ్యలో ఇరవయ్యో ముప్ఫయ్యో కిలోమీటర్ల గాలి. అలాంటి ఒక్కో అంగని హాప్ అంటాం. తెల్లటి మూత బిగించిన ఆ గుండ్రటి డిష్షుని చూసి ఊళ్లో పిల్లలు డోలు అనేవాళ్లు. ఒక్క హాప్ తెగితే దాని వెనకున్న ఊళ్లన్నిటికీ ఫోన్లు పోతాయి. అప్పుడు మా కాంట్రాక్టు కంపెనీకి ఫోనొస్తుంది, మా కమాండర్ జీపు కదులుతుంది.

పెద్దన్న రిగ్గర్. అంటే టవర్ ఎక్కి డిష్ కట్టేవాడు, తిప్పేవాడు. వయసులో నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మగ్గం నేసే ఇల్లు వాళ్లది, కొత్తవాడ జంపఖానాల ఇల్లు. చిన్నప్పుడు నాన్న పక్కన గుంటలో కాళ్లు పెట్టుకుని నేసినవాడే, ఆ పని మీద బతకడం కష్టమై టవర్ల పనికి వచ్చాడు. నేను కాగితం మీద ఇంజనీర్‌ని, ఆయన కూలీ లెక్కలో ఉండేవాడు. కానీ లింక్ పోయినప్పుడు జీపులో ముందు సీటు ఆయనదే, ఆ విషయంలో మాలో ఎవరికీ అనుమానం ఉండేది కాదు.

తెల్లవారుజామున హన్మకొండ చౌరస్తాలో చాయ్ తాగి బయల్దేరేవాళ్లం. వదిన కట్టిచ్చిన సర్వప్ప డబ్బా పెద్దన్న ఒళ్లో ఉండేది, వేడికి డబ్బా మూతకు లోపల చెమట పట్టేది. ఎండాకాలమైతే ఎనిమిదిన్నరకల్లా టవర్ మీద ఉండాలి. తొమ్మిది దాటితే ఇనుము చేతిని కాల్చేస్తుంది. కింద షెల్టర్ తలుపు తీస్తే కరెంటుని డీసీగా మార్చే ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ల హోరు, ఏసీ కంప్రెసర్ ఆగీ ఆగీ కొట్టుకునే చప్పుడు, బయట డీజిల్ జనరేటర్ దడదడ. పైన మాత్రం గాలి తప్ప ఏమీ వినపడదు. గాలి ఎక్కువైతే టవర్ సన్నగా ఊళ పెట్టినట్టు మోగేది. పెద్దన్న బెల్టు హుక్ పైపుకి తగిలించిన 'టక్' మనే చప్పుడు కింద ఉన్న నాకు వినపడితే గానీ నేను మీటర్ పట్టుకునేవాణ్ని కాదు.

పైకి ఎక్కగానే ఆయన మొదటి మాట ఒకటే. "తమ్మీ, ఎంతొస్తుంది?"

ఎంత అంటే అవతలి డిష్ నుంచి మనకు చేరుతున్న సిగ్నల్ ఎంత అని. డీబీఎంలలో చెప్తాం, మైనస్‌లో. మైనస్ 38 రావాల్సిన చోట మైనస్ 41 వస్తే సగం శక్తి పోయినట్టే, ఎందుకంటే ప్రతి 3 డీబీకి సగం. అయినా లింక్ నడుస్తుంది. మా రేడియోలు మైనస్ 80 దాకా ఎలాగో లాక్కొచ్చేవి. ఆ 38కీ 80కీ మధ్య ఉన్న జాగాయే మనకు ఆస్తి. వానకీ మంచుకీ ఖర్చు పెట్టుకోవాల్సింది అందులోంచే. "కొత్తల్నే ఆస్తి తినేస్తే కరువుల ఏం తింటవ్" అనేవాడు పెద్దన్న.

*

నేను చేరిన కొత్తలో ఒక హాప్ మైనస్ 60 దగ్గర ఆగిపోయింది. ఎంత చేసినా పైకి రాదు. 22 డీబీ తక్కువ, అంటే రావాల్సిన దాంట్లో వందో వంతు కూడా రావట్లేదు. బయట డిష్ వెనకుండే రేడియో డబ్బా పాడైందని నేను పట్టుబట్టాను. మార్చారు. అంతే వచ్చింది. కేబుల్ మార్చారు. అంతే. ఒకవైపు నిలువు, ఒకవైపు అడ్డం పోలరైజేషన్ (తరంగం ఊగే దిశ) పెట్టారేమోనని చూశాం, రెండూ నిలువే. డిష్ ఇటు కొంచెం తిప్పినా తగ్గుతోంది, అటు తిప్పినా తగ్గుతోంది, కాబట్టి దిశ కరెక్టే అని నేను రిపోర్టు కూడా రాసేశాను.

పెద్దన్న అన్నీ విని, మూడో రోజు పైకెక్కి, "తమ్మీ, మనం గుట్ట ఎక్కినం అనుకుంటున్నం. ఇది గుట్ట కాదు, పక్కనున్న బండ" అన్నాడు. డిష్ నుంచి ఒకటే వెలుగు రాదు. నడిమి పెద్దదానికి పక్కల చిన్న చిన్నవి ఉంటాయి, సైడ్ లోబులు. వాటిమీద కూర్చున్నా ఎటు కదిపినా తగ్గుతున్నట్టే కనిపిస్తుంది. ఆయన బోల్టులు వదులు చేసి డిష్షుని బాగా పక్కకు లాగాడు. కింద రేడియోకి తగిలించిన నా మల్టీమీటర్‌లో, సిగ్నల్ ఎంతుందో చూపించే వోల్టేజీ పడిపోయింది, పూర్తిగా పడిపోయింది, నాకు భయమేసి అరిచాను. ఆయన ఆపలేదు. ఇంకొంచెం లాగేసరికి లేచింది చూడండి, నేను ఆ సైట్‌లో ఎప్పుడూ చూడని అంకె. ఇంకా లాగితే మళ్లీ పడింది, మళ్లీ చిన్నగా లేచింది. చిన్న గుట్ట, పెద్ద గుట్ట, చిన్న గుట్ట. మూడూ చూసి వచ్చి నడిమిదాని మీద ఆగాడు. 1.8 మీటర్ల డిష్‌కి, 7 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ దగ్గర, పెద్ద గుట్ట వెడల్పు ఒకటిన్నర డిగ్రీకి కాస్త ఎక్కువ. ఒక్క డిగ్రీ పక్కకు పోతే 30 కిలోమీటర్ల అవతల అర కిలోమీటరు పక్కకు పోయినట్టే. అంత సన్నని పని ఆ రెండు పానాలతో చేసేవాడు, పావు తిప్పు, మళ్లీ పావు తిప్పు.

దీనికి ఒక నియమం ఉంది, నాకు ఆయన చెప్పిన మొదటి నియమం కూడా అదే. ఒకరు కదుపుతుంటే రెండోవాళ్లు కదపకూడదు. ఇటు పూర్తిగా పట్టి బిగించాకే అటు మొదలుపెట్టాలి. ఇద్దరూ ఒకేసారి వెతికితే జన్మలో దొరకరు. లింక్ లేకపోతే ఆ సైట్‌లో మన ఫోన్ కూడా పనిచేయదు కదా, కానీ 50 మీటర్లు పైకెక్కితే ఎక్కడో దూరపు టవర్ సిగ్నల్ ఒక గీత తగిలేది. ఆ గీత మీద మిస్డ్ కాల్స్. ఒకటి ఇస్తే 'నేను ఆగిన, నువ్వు కదుపు', రెండు ఇస్తే 'నువ్వు ఆగు'. ఒకసారి నేను అవతలి టవర్ మీదున్నా. ఆయన వైపు పని తేలట్లేదని ఓపిక లేక నా బోల్టు కాస్త కదిపాను. అర నిమిషం కాలేదు, ఫోన్ మోగింది, మిస్డ్ కాల్ కాదు, నిజం కాలే. "తమ్మీ, ముట్టినవ్ గదా." అంతే, పెట్టేశాడు. 30 కిలోమీటర్ల అవతల నేను పానా పట్టుకున్న సంగతి ఆయనకు తన మీటర్‌లో కనిపించింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

*

ఇక టేపు సంగతి. కేబుల్ వెళ్లి రేడియో డబ్బాకి కలిసే చోట కనెక్టర్ ఉంటుంది, వాన నీళ్లు వెతుక్కుంటూ వచ్చేది అక్కడికే. వానలప్పుడు బాగానే ఉండి, వెలిసి ఎండ ఎక్కాక పదింటికి పోయే లింకులు ఉండేవి, అవి మమ్మల్ని పిచ్చివాళ్లను చేసేవి. లోపల దిగిన నీరు వేడికి ఆవిరై పిన్ను చుట్టూ పట్టేది. కనెక్టర్ విప్పితే చుక్కలు చుక్కలుగా కారేది, రాగి ఆకుపచ్చగా మారి ఉండేది.

నేను టేపు పైనుంచి కిందికి చుట్టేవాణ్ని, అలాగే చేతికి వీలు. పెద్దన్న మొత్తం విప్పించాడు. "ఇంటి మీద గూనపెంకలు ఎక్కడినుంచి కప్పుతరు? కింది వరుస నుంచి గదా. పైపెంక కింది పెంక మీదికి రావాలె." టేపు కూడా అంతే. కింద మొదలుపెట్టి, ప్రతి చుట్టు కింది చుట్టు మీద సగం ఎక్కేలా పైకి పోవాలి, నీళ్లు జారిపోతాయి. అమాల్గం టేపుని, అంటే ఆ నల్ల రబ్బరు టేపుని, సాగదీయాలి, వెడల్పు సగానికి తగ్గేదాకా. అప్పుడే తనకు తాను అతుక్కుని ఒకే ముద్ద అవుతుంది. తర్వాత బొటనవేలితో ఒత్తుకుంటూ రావాలి, గాలి బుడగ మిగలకుండా. దాని మీద ఎండ తగలకుండా మామూలు పీవీసీ టేపు. ఆపైన కేబుల్‌కి కిందికి ఒక వంపు, నీటిచుక్క కనెక్టర్ వైపు రాకుండా ఆ వంపు దగ్గరే రాలిపోయేట్టు. ఈ పనికి ఆయన అరగంట తీసుకునేవాడు. ఆఫీసు నుంచి లింక్ ఇంకెంతసేపని ఫోన్లమీద ఫోన్లు వచ్చేవి, టెన్షన్ పడేది నేను. ఆయన బొటనవేలు మాత్రం అదే నిదానంతో కదిలేది. నేను వేరే చోట్ల చూసిన పెద్ద పెద్ద ఫాల్టుల్లో సగానికి మూలం ఆ అరగంట ఎవరో మిగుల్చుకోవడమే.

కోతుల గురించి చెప్పాలంటే వేరే పోస్టు కావాలి. ఉయ్యాల ఊగి కేబుళ్లు పీకేసేవి, అంతవరకు చాలు.

*

ఏటూరునాగారం దారిలో ఒక హాప్ ఉండేది, 30 కిలోమీటర్లు, 7 గిగాహెర్ట్జ్. రెండేళ్లుగా ఒకటే వరస, వానాకాలం వస్తే బలహీనపడుతుంది, చలికాలం పోయేసరికి దానంతట అదే కోలుకుంటుంది. వానకి సిగ్నల్ తగ్గుతోందని పైవాళ్లు తేల్చేశారు. 15 గిగాహెర్ట్జ్ హాపులకు గట్టి వాన నిజంగానే పెద్ద దెబ్బ. 7 మీద వాన ప్రభావం అంతుండదు. పైగా వాన పడని రోజు కూడా తక్కువే వస్తోందని పెద్దన్న నోట్‌బుక్ చెప్తోంది. ఆయన ప్రతిసారీ వెళ్లిన చోటల్లా అంకె రాసుకునేవాడు, పక్కన వాతావరణం, ఇంకా కళ్లకు కనపడింది ఏదైనా.

ఒక ఫాల్గుణంలో ఆ టవర్ మీద కూర్చున్నాం. అడవంతా మోదుగుపూలు. టేకు చెట్లు ఆకులు రాల్చేసి కట్టెల్లా నిలబడ్డాయి. మీటర్‌లో మైనస్ 39. పెద్దన్న చాలాసేపు ఆ మధ్యలో ఉన్న గుట్ట వైపే చూసి, "తమ్మీ, ఆకు లేదు, సిగ్నల్ ఉన్నది" అన్నాడు. బైనాక్యులర్‌తో చూస్తే అవతలి టవర్ చక్కగా కనపడుతోంది, చెట్ల కొనలు చూపుకి కిందే ఉన్నాయి. అదే అన్నాను. దానికాయన చేత్తో గాలిలో నాడె ఆకారం గీశాడు, మగ్గంలో అటూ ఇటూ పోయే నాడె. "కండ్లు చూసేది దారం లెక్క. సిగ్నల్ దారం గాదు, నాడె లెక్క ఉంటది. కొసలు సన్నగ, నడుమ లావు."

నేను పాలిటెక్నిక్‌లో ఫ్రెనెల్ జోన్ అని ఫార్ములాతో చదువుకున్నది అదే. ఆ హాప్‌కి లెక్కేస్తే సరిగ్గా మధ్యలో నాడె సగం మందమే సుమారు 18 మీటర్లు. అందులో కనీసం 60 శాతం, అంటే దాదాపు 11 మీటర్లు, చూపు గీతకి కింద ఖాళీగా ఉండాలి. టేకు పెరిగి ఆ ఖాళీలోకి వచ్చింది. ఆకులున్నంతకాలం అడ్డం, ఆకు రాలితే దారి. ఫార్ములా నాకు నోటికి వచ్చు, చెట్టు మాత్రం ఆయనకు కనిపించింది. రెండు వైపులా డిష్షులు 6 మీటర్లు పైకి జరిపాం. ఆ వానాకాలం ఆ లింక్ ఒక్కసారీ పోలేదు.

నర్సంపేట వైపు ఇంకో హాప్ దీనికి పూర్తిగా తలకిందులు. చలికాలం తెల్లవారుజామున మాత్రమే పోయేది. మేం పదకొండింటికి చేరేసరికి నిక్షేపంగా ఉండేది. చివరికి రాత్రి సైట్‌లోనే పడుకున్నాం. వాచ్‌మన్ కుంపటి వెలిగించి ఇచ్చాడు. పెద్దన్న మంకీ క్యాప్ పెట్టుకుని పావుగంటకోసారి లోపలికెళ్లి అంకె చూసి రాసేవాడు. ఆ పేజీ ఇప్పుడు నా ముందే ఉంది: "4:15 మైనస్ 40. 5:00 మైనస్ 49, చెరువు మీద మంచు. 5:45 మైనస్ 68. 6:00 లేదు." ఆ 'లేదు' కింద రెండు గీతలు. "7:45 మైనస్ 38. ఎండ." హాప్ ఒక పెద్ద చెరువు మీదుగా పోతుంది. నేరుగా వచ్చే సిగ్నల్ ఒకటి, నీళ్లమీద తగిలి ఎగిరి వచ్చేది ఇంకొకటి. గాలి నిశ్చలంగా ఉండి కింద చల్లగా, పైన వెచ్చగా పొరలు కట్టే ఆ వేళలో రెండింటి దారులూ వంగి, ఒకదానికొకటి ఎదురై చంపుకుంటాయి. అక్కడ డిష్షుని పైకి కాదు, కిందికి దించాం, కట్ట మీది తాటిచెట్లు నీళ్లమీది సిగ్నల్‌కి అడ్డం వచ్చేలా. ఒకచోట శత్రువైన చెట్టే ఇంకోచోట మమ్మల్ని కాపాడింది.

*

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ పున్నమికి. మాకు మాత్రం నెల ముందే మొదలయ్యేది. లక్షల జనానికి ఆ అడవిలో ఫోన్ కలవాలి, తాత్కాలిక టవర్లు, తాత్కాలిక లింకులు. దుమ్ము ఎంతంటే కనెక్టర్ మూత తీస్తే ఊది గానీ బిగించలేం. అమ్మవారికిచ్చే బెల్లాన్ని అక్కడ బంగారం అంటారు, ఆ బంగారం వాసన, జంపన్న వాగు నుంచి తడిబట్టలతో నడిచొచ్చే జనం. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తీసుకొచ్చే సాయంత్రం ఫోన్లు కలవట్లేదని మామీద ఒకటే అరుపులు. లింక్ మైనస్ 36, ఒక్క ఎర్రర్ లేదు. జనం ఎక్కువై చానళ్లు నిండిపోయాయి, అది మా చేతిలో లేని పని. అప్పుడొక ముసలమ్మ తప్పిపోయిన మనవణ్ని వెతుక్కుంటూ మా షెల్టర్ దగ్గరికొచ్చి, చీటీ మీద రాసిన నంబర్ చూపించింది. పెద్దన్న తన ఫోన్‌తో కొడుతూనే ఉన్నాడు. ఎన్నోసారికో కలిసింది. ఆమె "దొరికిండా బిడ్డా" అని ఏడుస్తుంటే ఆయన కళ్లు తుడుచుకుంటూ నావైపు తిరిగి, "ఎంతొస్తుంది చూడు తమ్మీ, పోనియ్యకు" అన్నాడు.

*

తర్వాత రోడ్ల పక్కన గుంటలు తవ్వడం మొదలైంది, ఫైబర్ వచ్చింది. ఒక్కో హాప్ ఆగిపోయింది. నేను హైదరాబాద్ వెళ్లి తెరమీద అలారాలు చూసే ఉద్యోగంలో చేరాను. పెద్దన్న మోకాళ్లు అరిగి టవర్ ఎక్కడం మానేశాడు. ఫోన్ చేస్తే హలో అనేవాడు కాదు, "ఆఁ తమ్మీ, ఎంతొస్తుంది?" అనేవాడు. జీతం అనుకోవాలో సిగ్నల్ అనుకోవాలో, నేను ఏదో ఒక అంకె చెప్పేవాణ్ని, ఇద్దరం నవ్వుకునేవాళ్లం. చివరి రెండేళ్లలో నేను చేసింది మూడే ఫోన్లు. ఆ లెక్క నన్ను పొడుస్తోంది.

నోట్‌బుక్‌లో లింకుల అంకెలు ఒకచోట ఆగిపోయాయి. అక్కడితో అయిపోయిందనుకుని మూసేయబోయాను. నాలుగు ఖాళీ కాగితాల తర్వాత ఇంకొక్క పేజీ ఉంది. రాత వణికింది కానీ అదే రాత. ఏటూరునాగారం దారిలో ఆ హాప్ తీసేసి అప్పటికే చాలా ఏళ్లయింది.

"మేడారం పోయిన, బస్సుల. నడిమి గుట్ట కాడ టేకు కొట్టిన్రు. సాఫ్ ఉన్నది. ఇప్పుడు పెడితే మైనస్ 38 వస్తది."

పక్కన ఎప్పట్లాగే టైము రాసుకున్నాడు. 7:20, మంచు లేదు.